మా పద్దెనిమిది చక్రాల పొదుపు

మొగుడికి మైలేజీ పిచ్చి పట్టడం కంటే ఏ ఇల్లాలికైనా గొప్ప అదృష్టం లేదని నా దృఢమైన అభిప్రాయం. నవ్వకండి! పేకాట పిచ్చి, రాజకీయాల పిచ్చి, స్థలాల పిచ్చి పట్టిన మొగుళ్లను మీరు చూసే ఉంటారు. వాటి వల్ల ఇల్లు గుల్లవుతుంది. మైలేజీ పిచ్చి వల్ల ఇల్లు తేలికవుతుంది. ఎంత తేలికవుతుందో చెబుతాను, వినండి.

మాది తెనాలి. మా ఆయన శాలేమురాజు గారికి పద్దెనిమిది చక్రాల ట్రెయిలరు లారీ ఒకటి ఉంది. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. రేపల్లె, బాపట్ల మిల్లుల్లో బియ్యం ఎత్తుకుని కాకినాడ పోర్టులో దింపి వస్తారు. ఆ బండి లీటరు డీజిలు తాగి మూడు కిలోమీటర్లు నడుస్తుంది. అంతకంటే ఎక్కువ నడవాలని దానికీ లేదు, మాకూ ఎప్పుడూ తోచలేదు.

ఒక సాయంత్రం మా ఆయన పప్పన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయారు.

"మూడేంటి పుష్పా? పేరయ్య చెప్పినట్టు చేస్తే నాలుగు రావాల!" అన్నారు.

ఆ ముద్ద నోట్లోకి వెళ్లే లోపల మా ఇంట్లో కొత్త యుగం మొదలైపోయింది.

పేరయ్య గారెవరంటారా? వడ్లమూడిలో ఆయనకు టైర్ల పంక్చర్ షాపు ఉంది. దాని పక్కనే టీ కొట్టు. లారీల వాళ్లంతా అక్కడ బండ్లు ఆపి మైలేజీ మీద చర్చలు జరుపుతారు. పేరయ్య గారు ఫోనులో వీడియోలు చూసి వాళ్లకు బోధిస్తారు. ఆయన సొంత వాహనం సైకిలు. ఆ సైకిలు మైలేజీని ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. గురువంటే అలా ఉండాలి!

పేరయ్య గారి మొదటి సూత్రం: బరువే శత్రువు.

ఈ సూత్రం మా కుటుంబానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. లారీ ఉన్న ఇంటి కష్టం మీకు తెలియదు. "మీ బండి ఎలాగూ అటే వెళ్తుంది కదా" అనే ఒక్క మాటతో చుట్టుపక్కల వాళ్లు మా మీద ఎన్ని సామాన్లు వేశారని! మంచాలు, మేకపిల్లలు, మామిడి పచ్చడి జాడీలు, ఒకసారి ఒక పెళ్లికొడుకు! అన్నిటినీ మోశాం. మొహమాటం కాబట్టి మోశాం. మైలేజీ వచ్చాక మొహమాటం పోయింది.

పక్కింటి కోటిరత్నం గారు ఎప్పటిలాగే వచ్చారు.

"ఏమయ్యా రాజూ, నీ బండి ఎలాగూ రేపల్లె పోతంది గదా. మా అమ్మాయికి ఈ రుబ్బురోలు దింపేసెయ్యి."

"రోలుకి డీజిలవుద్ది పిన్నీ."

"రోలు డీజిలు తాగుద్దా? ఎప్పట్నుంచి?"

"బరువండీ! బరువుకి డీజిలు తాగుద్ది."

కోటిరత్నం గారు రోలునూ పొత్రాన్నీ మార్చి మార్చి చూశారు. "పోనీ రోలు ఇక్కడే ఉంచి, పొత్రం ఒక్కటే పట్టుకుపో. దానికెంత తాగుద్దిలే!"

ఆయన పొత్రం కూడా ఎక్కించుకోలేదు. ఆ తర్వాత ఎవరూ మా గుమ్మంలో సామాను దించలేదు. చూశారా వరం?

రెండో సూత్రం: గాలిని మోయకూడదు.

అంటే లారీ ముందు గాలికి అడ్డం పడేదేదీ ఉండకూడదు. కుచ్చులు పోయాయి. పూలదండల కొక్కేలు పోయాయి. క్యాబిను నెత్తి మీద వెండి రంగులో మెరిసే రెండు బాకా హారన్లు పోయాయి. దేవుడే చూసుకుంటాడని "యెహోవా యీరే" అని రాసిన చెక్క బోర్డు కూడా కిందికి దిగింది. ఆదివారం చర్చి దగ్గర పాస్టరు అయ్యగారు మెల్లగా అడిగారు, "బోర్డు కనపడటం లేదేంటి రాజుగారూ?" అని.

"అద్దం మీద రంగుతో రాయించానండి అయ్యగారూ. దేవుడు ఎట్టా రాసినా ఒప్పుకుంటాడు గానండి, గాలి ఒప్పుకోదండి."

అయ్యగారు ఆ వాక్యాన్ని ఏ అధ్యాయంలో వెతకాలో తెలియక ప్రార్థన చేసి పంపించారు.

తీసినవి తీశాక, పెట్టవలసినది ఒకటి మిగిలింది. క్యాబిను మీద వాలుగా ఒక రేకు పెడితే ఎదురుగాలి దాని మీద నుంచి జారిపోతుందట. వెల్డింగు షాపులో చేయించి బిగించుకొచ్చారు. తీరా చూస్తే రేకును ముందువెనకలు తారుమారు చేసి బిగించారు! గాలి జారిపోవడం మాట అటుంచి, ఎదురొచ్చిన ప్రతిదీ అందులో పడి ఆగిపోయేది. కాకినాడ వెళ్లి వచ్చేసరికి వరిగడ్డి, కొంగ ఈకలు, సినిమా పోస్టరులో సగం హీరో, ఎవరిదో ఉతికి ఆరేసిన లుంగీ. లుంగీ కొత్తదే. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఏ పొదుపు పథకంలో అయినా బట్టలు పెట్టారా ఇంతవరకూ?

మూడో సూత్రం టైర్లలో గాలి. ఇది ఇంట్లోకి కూడా వచ్చింది. ఆయన చేతికి అందినదల్లా నొక్కి చూస్తారు. దిండు నొక్కుతారు. గ్యాసు బండను కాలితో తన్ని చెవి పెట్టి వింటారు. ఒక ఉదయం ప్లేటులో పూరీని రెండు వేళ్లతో నొక్కి, "గాలి సరిపోయింది, మూకుట్లో ఇంకొకటి వెయ్యి" అన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా పూరీకి వచ్చిన మొదటి మెప్పు అది! కళ్లు చెమర్చాయి.

నాలుగో సూత్రం ఊపు. కదిలిన బండిని ఆపకూడదు. ఆపితే మళ్లీ కదిలించడానికి డీజిలంతా అక్కడే పోతుంది. అందుకని మా ఆయన ఆగడం మానేశారు. ఉదయం వీధి గుమ్మంలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి నడుస్తూ, దారిలో నా చేతిలోని కాఫీ గ్లాసు అందుకుని, పెరడు చుట్టి వస్తూ ఖాళీ గ్లాసు అందిస్తారు. నేను చెయ్యి చాపి నిలబడితే చాలు. పాలు పొంగాయని పక్కకు తిరిగానా, కాఫీ ఇంకో చుట్టు తర్వాతే!

రోడ్డు మీద ఈ ఊపు సూత్రం మరీ అందంగా ఉంటుంది. అల్లంత దూరంలో గేదె కనిపిస్తే ఇక్కడి నుంచే కాలు తీసేస్తారు. బండి మెల్లమెల్లగా, మెల్లమెల్లగా దొర్లుతుంది. గేదె దాటుతుంది. దాని దూడ దాటుతుంది. వాటిని తోలుకొచ్చినావిడ దాటి, అటు వైపు ఆగి, ఈ బండికేమైందోనని చూసి, ఇంటికి వెళ్లిపోతుంది. అప్పటికి మనం అక్కడికి చేరతాం. వెనక బస్సు, దాని వెనక ఆటోలు, వాటి వెనక ఊరేగింపు. పల్లాల్లో డీజిలు తాగకుండా దిగవచ్చని పేరయ్య గారు చెప్పారు కానీ, మా డెల్టాలో పల్లమెక్కడుంది? రైలు వంతెన దిగితే అయిపోయింది. ఆ వంతెన దిగేటప్పుడు మా ఆయన ముఖం చూడాలి, హిమాలయాల నుంచి దిగివస్తున్నట్టుంటుంది!

ఇన్ని లాభాలు చెప్పాక, నా సంగతి ఒకటి చెప్పకపోతే బాగుండదు.

నేను బాపట్లలో బీయస్సీ చదివాను. మా బ్యాచి వాళ్లం ఏటా ఒకసారి కలుస్తాం. అందరూ కార్లలో వస్తారు. ఎవరు ఏ కారులో వస్తున్నారో వారం ముందు నుంచీ వాట్సాప్‌లో ఫోటోలు. నేను ఏటా ఎవరి కారులోనో వెనక సీటులో మధ్యన కూర్చుని వెళ్తాను. మధ్య సీటంటే తెలుసు కదా, కాళ్లకు చోటుండదు, కిటికీ ఉండదు, కబుర్లు మాత్రం రెండు చెవుల్లోనూ పడతాయి. ఈసారి భోజనాలు జ్యోతిర్మయి ఇంట్లో, రెండో శనివారం. అదే రోజు మా బండి ఖాళీగా బాపట్ల మిల్లుకు లోడు కోసం వెళ్తోంది. నాకు పౌరుషం వచ్చింది. "నేను పద్దెనిమిది చక్రాల మీద వస్తున్నా. మధ్యాహ్నం భోజనం వేళకు గేటు ముందు చోటు ఉంచండి" అని పెట్టేశాను.

చప్పట్ల బొమ్మలే బొమ్మలు! జ్యోతిర్మయి నిజంగానే ఎదురింటి వాళ్లను బతిమాలి వీధి ఖాళీ చేయించింది. నేను క్యాబిను తలుపు తీసి, మెట్టు మెట్టూ దిగి, గేటులోకి నడుస్తాను. ఇరవై ఏళ్లుగా ఆ బండికి కట్టిన నిమ్మకాయలా నేనూ ఉన్నాను, ఒక్కసారైనా ముందు సీటులో కూర్చుని నలుగురి ముందు దిగాలని ఉండదా? మీరే చెప్పండి!

మా ఆయనకు చెప్పాను.

"బస్సులో పోరాదూ?" అన్నారు.

"బండి ఎలాగూ బాపట్ల వెళ్తుంది కదండీ!"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, నేను రోలు వరసలో నిలబడ్డానని. ఆయన నన్ను కింది నుంచి పైకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. కోటిరత్నం గారి పొత్రాన్ని అలాగే చూశారు.

"ఖాళీ బండే పదిహేను టన్నులు. అందులో నేనెంతండీ?"

"అట్టా అనుకునే అందరూ ఎక్కేది."

"మరి మీ పొట్టో?"

"డ్రైవరు బరువు లెక్కలోకి రాదు పుష్పా. అది బండిలో భాగం."

నాలుగు రోజులు బేరమాడాక ఒప్పుకున్నారు, షరతుల మీద. జరీ చీర వద్దు, నూలు చీర. సున్నుండలు స్టీలు డబ్బాలో కాదు, కాగితం సంచిలో. "టిఫిను తిని ఎక్కుతావా, లేదా?" అని కూడా అడిగారు. "ఇడ్లీ నా పొట్టలో ఉన్నా, గిన్నెలో ఉన్నా బరువొకటేనండీ" అన్నాను. "గిన్నె బరువు మిగుల్తుంది" అన్నారు. ఒప్పుకోక తప్పలేదు. భౌతికశాస్త్రం చదివిన దాన్ని కదా!

శనివారం పెందలాడే బయల్దేరాం. కిటికీలు దించితే గాలి లోపలికొచ్చి బండిని వెనక్కి లాగుతుందట, అందుకని ఎత్తేశారు. ఏసీ వేస్తే డీజిలు తాగుతుంది, అందుకని వెయ్యలేదు. అంగలకుదురు చేరేసరికి నేను ఆవిరి కుడుమునయ్యాను. ముఖానికి రాసిన పౌడరు చీర కుచ్చెళ్లలోకి చేరింది. పచ్చగడ్డి మోపు కట్టుకుని మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని దాటుతూ జాలిగా తల ఊపాడు. అయినా సరే, ఆ ముందు సీటు ఎత్తు నుంచి కాలవ, పొలాలు, కింద పాకే కార్లు చూస్తుంటే ఎంత గర్వంగా ఉందో! కార్లలో మధ్య సీటు వాళ్లు కూడా కనిపించారు.

వడ్లమూడి రాగానే బండి పక్కకు తీశారు.

"ఒక్క టీ. ఇట్టా పోయి అట్టా వచ్చేస్తా."

దిగారు. ఇంజను ఆపలేదు. టీ కొట్టు బల్ల మీద పేరయ్య గారు, ఆయన చుట్టూ ఐదారుగురు. "రండి రాజుగారూ! నిన్న ఒక వీడియో చూశానండీ, డ్రైవరు కాలు ఎట్టా ఉండాలనుకున్నారు? ఈకలాగా ఉండాల!" అని పేరయ్య గారు మొదలుపెట్టారు. మా ఆయన చెప్పు విడిచి పాదం చూపించారు. అందరూ ఆ పాదాన్ని పరీక్షించారు. ఒకాయన ఈక కాదు, గరిట అన్నాడు. వాదన రేగింది.

ఇంజను తిరుగుతూనే ఉంది. నా కింద సీటు వణుకుతోంది. పొగ గొట్టంలోంచి నల్లగా, తీరిగ్గా పొగ. అంత పెద్ద ఇంజను, ఒక్క అంగుళం కదలకుండా, గుటగుటా డీజిలు తాగుతూ తన యజమాని డీజిలు పొదుపు మీద చేస్తున్న ప్రసంగం వింటోంది!

జ్యోతిర్మయి ఫోను చేసింది. "ఎక్కడున్నావే?"

"వడ్లమూడి."

"ఇంకానా? మేం అప్పుడే వడలు తినేశాం. నీ చోటులో ఎవడో కారు పెట్టబోతే మా ఆయన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టా. తొందరగా రావే తల్లీ, ఎండలో ఉన్నాడాయన!"

నేను కిటికీ దించి పిలిచాను. "ఏవండీ! వెళ్దామా?"

"అయిపోయింది, వస్తన్నా!" రెండో టీ చెప్పారు.

"పోనీ ఇంజనన్నా ఆపి మాట్లాడుకోండి!"

పేరయ్య గారు నావైపు దయగా చూశారు. "ఆపకూడదు చెల్లెమ్మా. ఆపి మళ్లా స్టార్టు చేస్తే తాగే డీజిలుతో రేపల్లె పోయి రావచ్చు."

పొయ్యి మీద గిన్నె లేకుండా మంట వదిలేస్తే మా అమ్మ వీపు పగలగొట్టేది. నేను వంటింట్లో ఫోను మోగితే మంట తగ్గించి గానీ హలో అనను. దానికి డిగ్రీ అక్కర్లేదు. మూడో టీ వచ్చేదాకా ఓపిక పట్టాను. ఆ తర్వాత పక్కకు వంగి, తాళం తిప్పేశాను.

అబ్బ, ఎంత నిశ్శబ్దం! కాకుల అరుపు వినిపించింది. టీ కొట్టు రేడియోలో పాట వస్తోందని అప్పుడే అందరికీ తెలిసింది.

మా ఆయన ముఖం పాలిపోయింది. "పుష్పా! ఆపావా?"

"ఆపానండీ. పొదుపు కదా."

ఈకలాంటి పాదంతో పరుగెత్తుకొచ్చి ఎక్కారు. తాళం తిప్పారు. టిక్. మళ్లీ తిప్పారు. టిక్. మూడోసారి ఆ టిక్ కూడా లేదు.

"ఏమైందండీ?"

ఆయన స్టీరింగు వైపు చూస్తూ చెప్పారు. "బ్యాటరీలు మార్చా. చిన్నయ్యి పెట్టా. బరువు తగ్గుద్దని."

రోజూ ఇంటికి రాగానే వాటిని తెచ్చి వరండాలో కరెంటు పెట్టేది అందుకా! ఆ వైరుకు కాలు తట్టుకుని నేను రెండుసార్లు పడ్డాను. అడిగితే, "కరెంటు డీజిలు కాదుగా" అన్నారు.

పేరయ్య గారు కిందనుంచి గర్వంగా అందుకున్నారు. "నేనే చెప్పా చెల్లెమ్మా. పొద్దున్నే ఇంట్లో ఒక్కసారి స్టార్టు చేస్తే చాలు. ఆపకుండా ఉంటే మళ్లా స్టార్టు చేసే పనే లేదు గదా!"

"అంటే బ్యాటరీ బరువు తగ్గించడం కోసం రోజంతా ఇంజను ఆపరన్నమాట."

"అదీ! ఇంతమందికి చెప్పా, ఒక్క మాటలో అందుకున్నది నువ్వే."

పేరయ్య గారు ఎవరిదో ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించారు. మా బండి దాన్ని లక్ష్యపెట్టలేదు. దీనికి సరిపడేవి బాపట్లలో దొరుకుతాయన్నారు. మళ్లీ సభ మొదలైంది, ఈసారి బ్యాటరీల మీద. నాలుగో టీ చెప్పడం నా చెవిన పడింది. నేను సున్నుండల సంచి పట్టుకుని, మెట్టు మెట్టూ దిగాను. దిగడం చాలా బాగా వచ్చింది. చూడటానికి మాత్రం జ్యోతిర్మయి గేటు లేదు, పంక్చర్ షాపు ఉంది.

చేబ్రోలు దాకా ఆటో. అక్కడ బాపట్ల బస్సు. ఆధార్ కార్డు చూపించగానే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు చేతిలో పెట్టి, "కిటికీ పక్కన ఖాళీ ఉందమ్మా, కూర్చోండి" అన్నాడు. టిఫిను తిన్నావా అని అడగలేదు. సంచి ఎంత బరువని చూడలేదు. కిటికీ తెరిచి గాలి కొట్టించుకుంటూ కూర్చున్నాను. బస్సు వేగంలో తేడా ఏమీ కనిపించలేదు.

నేను వెళ్లేసరికి రెండో పంక్తి లేస్తోంది. జ్యోతిర్మయి భర్త ఇంకా వీధిలో కుర్చీలోనే ఉన్నాడు, నెత్తిన తువ్వాలుతో.

"బండేదే?" అన్నారు అందరూ ఒక్కసారే.

"వస్తోంది" అన్నాను. "మైలేజీ చూసుకుంటూ వస్తోంది."

పెరుగన్నంలో ఉండగా వీధిలో పెద్ద చప్పుడు. అందరూ ఎంగిలి చేతులతో గేటు దగ్గరకు పరుగెత్తారు. ముందు ఒక లారీ. దాని వెనక ఇనప రాడ్డు. రాడ్డు వెనక మా ట్రెయిలరు, నెత్తిన ఆ తారుమారు రేకుతో, మిల్లు వైపు నిశ్శబ్దంగా దొర్లుతోంది. లోపల మా ఆయన, స్టీరింగు పట్టుకుని, చక్రవర్తిలా.

జ్యోతిర్మయి నా చెవిలో అడిగింది, "లాగే బండి నీదా, లాగించుకునే బండి నీదా?"

"లాగించుకునేది."

అప్పుడే ఫోను మోగింది. ఆయనే.

"పుష్పా! చూశావా? వడ్లమూడి నుంచి బాపట్ల దాకా చుక్క డీజిలు కాలలేదు! నువ్వు దిగిన దగ్గర్నుంచీ!"

ఇక ఈ రికార్డు లారీల లోకంలో ఎవరూ తిరగరాయలేరని ఆ తర్వాత టీ కొట్టు దగ్గర పేరయ్య గారు ప్రకటించారట. ఆ లాగిన లారీ వాడి డీజిలు మాట ఎవరూ ఎత్తలేదు. కారణం ఏమై ఉంటుందని చర్చ జరిగిందట. గాలి కాదు, టైర్లు కాదు, భార్య దిగడమే కారణమని తేలిందట. కాదనడానికి నేనెవర్ని? మా ఇంటి పొదుపులో రోలు పోయింది, హారన్లు పోయాయి, నేను పోయాను. టీ కొట్టు దగ్గర కబుర్లు మాత్రం దేని లెక్కలోకీ రాలేదు, ఇంజను తిరుగుతూనే ఉంది.

కాబట్టి అమ్మలారా, మైలేజీ పిచ్చి వరమే! ఆ శనివారం నుంచి ఆయన రికార్డు కాపాడే బాధ్యత నేనే తీసుకున్నాను. రేపల్లె వెళ్లి మా మేనత్తను చూసొచ్చాను. నిజాంపట్నం వెళ్లి చేపల వేలంపాట చూసి, రెండు చందువాలు కొనుక్కొచ్చాను. సూర్యలంకలో సముద్రంలో మోకాళ్ల దాకా నిలబడ్డాను. అన్నీ బస్సులోనే, అన్నీ కిటికీ పక్కనే.

మొన్న మా ఆయన చల్లారిన అన్నం తింటూ, "ఈ వారమన్నా ఇంటిపట్టున ఉండరాదూ?" అన్నారు.

"ఉండాలనే ఉందండీ" అన్నాను చెప్పులు వేసుకుంటూ. "మీ మైలేజీ పడిపోతుందేమోనని భయం."